వదలని క్లచ్చు

నాకు అన్నిటికంటే పెద్ద భయం ఒకటే. మా ఇంటి మనిషి ఎక్కిన బండి, ఆపాలనుకున్నప్పుడు ఆగకపోవడం. పాముకు భయపడను, చీకటికి భయపడను. అత్త లేని ఇంట్లో బిడ్డను కన్నప్పుడు కూడా ఇంతగా వణకలేదు. ఈ భయం మాత్రం ఎండాకాలం మొదలైనప్పటి నుంచి నా పక్కనే కూర్చుని అన్నం తింటోంది.

ఎందుకో పోయిన వారం చదివినవాళ్ళకు తెలుసు. చదవనివాళ్ళకు నాలుగు మాటల్లో చెబుతాను. రాబర్ట్‌సన్‌పేటలో బట్టల అంగడి ఉన్న పద్మనాభ శెట్టికి, కోలారు హైవే పక్కనున్న తన టమాటా తోట తీసేసి గో-కార్ట్ ట్రాకు వేయాలని బుద్ధి పుట్టింది. గో-కార్ట్ అంటే తలుపులూ పైకప్పూ ఏమీ లేని బుల్లి కారు. అందులో కూర్చుంటే నడుముకూ నేలకూ మధ్య జానెడు ఎడం కూడా ఉండదు. వాటిని కట్టే పని, టిల్లర్లు ట్రాక్టర్లు రిపేరు చేసుకునే మా ఆయన కృష్ణప్పకు అప్పగించాడు. చిన్న ఇంజన్ల బండ్లు బాగానే తిరిగాయి. అంతటితో ఊరుకుంటే వాడు శెట్టి ఎందుకవుతాడు? బెంగళూరు వాళ్ళ బండ్లను మించాలని, పెద్ద జనరేటర్లకు పెట్టే ఇంజన్ ఒకటి తెచ్చి, పాత క్లచ్చు పాత చైనుతోనే నడిపించాడు. క్లచ్చు కాలి పొగ చిమ్మింది. సన్న చైను తెగి, మా ఆయన భుజం పక్కగా ఎగిరిపోయి మా రిపేరు షెడ్డు రేకును కొట్టింది. ఆ రేకులో సొట్ట ఇప్పటికీ ఉంది. రోజూ అన్నం క్యారియర్ తీసుకుపోయి దాని కిందే దించుతాను.

ఆ ఇంజన్‌కు తగిన క్లచ్చు, తగిన చైను వచ్చేదాకా బండి ఎక్కనని మా ఆయన బిడ్డ తల మీద చెయ్యి పెట్టి చెప్పాడు. ఇప్పుడు అవి వచ్చాయి.

గురువారం నేను మా బిడ్డ చిట్టిని చంకనేసుకుని షెడ్డుకు పోయేసరికి బల్ల మీద రెండు క్లచ్చులు, రెండు చైన్లు పరిచి ఉన్నాయి. శెట్టి తెల్లచొక్కాకు నూనె అంటకుండా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. మా మామ ఆంజనప్ప స్టూలు మీద కూర్చుని, నన్ను చూడగానే మనవరాలి కోసం చేతులు చాచాడు. ఇక్కడి బంగారు గని మూసేదాకా ఆయన వైండింగ్ ఇంజన్ డ్రైవరు. అంటే మనుషులున్న కేజ్‌ను గని బావి షాఫ్టులోకి దించేదీ, పైకి లాగేదీ ఆయన చేయి. గవర్నమెంటు గని. అది పోయి ఇన్నేళ్ళయినా ఆ చేయి మాత్రం ఊరికే ఉండదు. చిట్టిని ఒళ్ళో వేసుకున్నా ఏదో లివరు పట్టుకున్నట్టే పట్టుకుంటాడు.

"సన్న చైనే పెట్టు కృష్ణప్పా, బరువు తగ్గితే బండి లేస్తాది" అన్నాడు శెట్టి.

"బండీ లేస్తాది, చైనూ లేస్తాది అన్నా. పోయినసారి లేచింది నువ్వే చూసినావు కదా" అన్నాడు మా ఆయన.

మామ స్టూలు కింద నుంచి గోనెసంచి లాగాడు. అందులో కూడా ఒక చైను. పాత ఇనుము వేలంలో కొన్నదట, నా ముంజేయంత లావుంది.

"ఇది పెట్టురా. దీన్ని ఏనుగు కూడా తెంచలేదు."

"ఏనుగు తెంచలేదు నాన్నా, నిజమే. అయితే ఏనుగు నిమిషానికి ఇన్ని వేల చుట్లు తిరగదు కదా. మెల్లగా తిరిగే మిషన్లకు ఇది. ఈ వేగానికి దాని బరువే దాన్ని విసిరేస్తాది."

"మా కాలంలో ఒకటి చాలే చోట పది పెట్టేవాళ్ళం. అందుకే నేను ఇంగా కూర్చోని మాట్లాడతా ఉండాను."

మా ఆయన నవ్వి, మధ్యరకం చైనును చేతిలోకి తీసుకున్నాడు. సన్నదాని కంటే గట్టిది, లావుదాని కంటే తేలిక. ఈ ఇంజన్ గుంజుడుకు అదే సరి అన్నాడు. చైను రెండు కొసలనూ కలిపే చిన్న లింకును లాకు అంటారు. ఆ లాకు కూడా ఆ చైనుతోనే రావాలి, బైకు చైను లాకు దీనికి పట్టదు.

తరువాత క్లచ్చు. నాకు అర్థం కావాలనే కాబోలు, మా ఆయన దాన్ని నా వైపు తిప్పి చెప్పాడు. ఇంజన్ మెల్లగా తిరిగేటప్పుడు లోపలి షూలు స్ప్రింగుల పట్టుకు ముడుచుకుని ఉంటాయి, బండి కదలదు. వేగం పెరిగితే షూలు విచ్చుకుని, చుట్టూ ఉన్న గిన్నెలాంటి డ్రమ్మును పట్టుకుంటాయి, బండి పరుగెడుతుంది. కాలు తీస్తే మళ్ళీ ముడుచుకుంటాయి. స్ప్రింగులు మెత్తగా ఉంటే ఇంజన్ ఊరికే గురగురలాడుతున్నా బండి ముందుకు పాకుతుంది. గట్టిగా ఉంటే, ఇంజన్‌కు బలం వచ్చాకే పట్టుకుంటుంది. పెద్ద ఇంజన్‌కు పెద్ద షూలు, గట్టి స్ప్రింగులు.

"అట్లయితే బయలుదేరేటప్పుడు దూకదు కదప్పా. జనం కేకలేయాల" అన్నాడు శెట్టి.

"కేకలు వేసేది జనమైతే పర్వాలేదు. మేము వేయకుండా ఉంటే చాలు" అన్నాను నేను.

"ఓహో, ఎనిమిదో క్లాసు ఇంజనీరమ్మ కూడా మాట్లాడుతుందే" అన్నాడు. మా ఆయన తలెత్తలేదు. గట్టి స్ప్రింగుల క్లచ్చునే ఎంచి పక్కన పెట్టాడు. ఆ మాటకు నాకు రావలసిన కోపమంతా అక్కడే సగం చల్లారింది.

మామ ఒక్కడే ఆ క్లచ్చును చూస్తూ ఉండిపోయాడు.

"మెల్లగా తిరిగితే దానంతట అదే వదిలేస్తాదా?"

"అవును నాన్నా. అదే దాని పని."

"మనిషి కూర్చోని ఉండంగానే?"

"కూర్చోని ఉండంగానే."

మామ చిట్టి నోట్లో బిస్కత్తు ముక్క పెట్టాడు. మేమేమీ పట్టించుకోలేదు. అక్కడ పట్టించుకుని ఉంటే ఈ వారం నాకు రాయడానికేమీ ఉండేది కాదు.

మా ఆయన సాయంత్రానికి క్లచ్చూ చైనూ బిగించాడు. మరునాడు పొద్దున బేతమంగళలో ఒక టిల్లరు ఆగిపోయిందని కబురొస్తే పోయాడు. షెడ్డుకు మామే కాపలా. మధ్యాహ్నం నేను అన్నం తీసుకుపోయేసరికి మా ఆయన తిరిగొచ్చి ఉన్నాడు, శెట్టి కూడా ఉన్నాడు. ఆదివారం ట్రాకు తెరుస్తున్నాడు. అందరినీ పిలిచాడు, షామియానా చెప్పాడు, మైకు చెప్పాడు. మా ఆయన ఆ పెద్ద బండి నడిపి చూపించాలి.

బండి వెనక భాగాన్ని స్టాండు మీదికి ఎత్తి, చక్రాలు గాలిలో ఉండేట్టు పెట్టి, ఇంజన్ స్టార్ట్ చేశారు. రేకులన్నీ అదిరాయి. చిట్టి చెవులు మూసుకుంది. మా ఆయన యాక్సిలరేటర్ మీద నుంచి చేయి తీశాడు. ఇంజన్ మెల్లగా గురగురలాడింది. ఇప్పుడు చక్రాలు ఆగాలి. నిన్ననే కదా నాకు చెప్పాడు.

ఆగలేదు.

ఇంజన్ ఇంకా వేగంగా ఉందేమోనని మా ఆయన ఒక స్క్రూ తిప్పి తగ్గించాడు. చక్రాలూ మెల్లగా అయ్యాయి కానీ తిరుగుతూనే ఉన్నాయి. ఇంకా తగ్గించాడు. ఇంజనే ఆరిపోయింది, అప్పుడు ఆగాయి చక్రాలు. మళ్ళీ స్టార్ట్ చేశాడు. తాడు లాగీ లాగగానే చక్రాలు గిర్రున తిరిగాయి. అంటే ఇంజన్ బతికున్నంతసేపూ ఆ బండి ఉరుకుతూనే ఉంటుంది. ఏ మలుపులో ఎవరు అడ్డమొచ్చినా అది మాత్రం తోస్తూనే ఉంటుంది.

నా ఒళ్ళు మండిపోయింది.

"ఎక్కడి నుంచి తెచ్చినావన్నా ఈ క్లచ్చు?" అని శెట్టిని అడిగాను. "కొత్తదని చెప్పి ఎవరో వాడి పారేసింది తెచ్చినావా? చీరలో చిరుగుంటే మడతలో దాచి అమ్ముతారు, తెలుసు నాకు. ఇది చీర కాదు. దీని మీద కూర్చునేది నా మొగుడు."

"ఏమ్మా, నోరు జారుతా ఉండావు" అన్నాడు శెట్టి. మొహం ఎర్రబడింది. "డబ్బా సీలు నీ మొగుడే తెంచినాడు. మా అంగట్లో చిరిగిన గుడ్డ అమ్మినామని మా తాత కాలం నుంచి ఒక్కరు అనలేదు. విప్పప్పా కృష్ణప్పా. విప్పి చూపించు ఈమెకు."

మా ఆయన విప్పాడు. డ్రమ్ము ఊడి రాలేదు. టార్చి వేసి చూశాడు. చూసి, వేలితో తడిమాడు.

డ్రమ్ము పక్క నుంచి షూ లోపలిదాకా రంధ్రం వేసి, ఉక్కు మేకు ఒకటి దిగ్గొట్టి ఉంది. మేకు తల బయటికి కనబడకుండా అరగదీసి, చదునుగా కొట్టి, వేలితో తడిమితే తప్ప తెలియనంత నున్నగా చేసి ఉంది. అంత ఓపిక మా ఆయనకు లేదు, శెట్టికి అసలే లేదు. గని వర్క్‌షాపు పని అది. మా ఆయన టార్చి ఆర్పి తండ్రి వైపు తిరిగాడు.

మామ ఒళ్ళో చిట్టి ఉంది. ఆయన తడబడలేదు, దాచలేదు.

"నేనే వేసినాను. నువ్వు బేతమంగళకు పోయినప్పుడు."

"ఎందుకు నాన్నా?" మా ఆయన గొంతులో కోపం కంటే నీరసమే ఎక్కువుంది.

"మనుషులున్నప్పుడు క్లచ్చు వదలకూడదు. అది రూలు. కేజ్ తాడు చుట్టుకునే డ్రమ్ముకు క్లచ్చు విప్పాలంటే ముందు బ్రేకు బిగించాల, కేజ్‌లో ఒక్క ప్రాణి ఉండకూడదు. క్లచ్చు వదిలిందంటే డ్రమ్ము ఒంటరిదైపోతాది, కేజ్ యాడికి పోతాదో దేవునికే తెలుసు. ఇన్నేండ్లు నా చేతి కింద ఒక్కసారి వదల్లేదు. నువ్వేమో మనిషి కూర్చోని ఉండంగానే అదే వదిలేస్తాదంటివి. నిద్ర పట్టలేదురా నాకు."

నా నోరు ఆగలేదు.

"మామా, షాఫ్టులో వదిలితే మనిషి పడిపోతాడు. ఇది నేల మీద ఉరికే బండి. దీంట్లో వదలకపోతేనే మనిషి పోతాడు. మాతో ఒక్క మాట అనుంటే? మీ కొడుకు అంత తెలివిలేనోడా?"

"వాడు తెలివైనోడేనమ్మా. రోజూ నేను కిందికి దింపినోళ్ళంతా తెలివైనోళ్ళే. తెలివి కేజ్‌ను పట్టుకోదు కదా. పట్టుకునేది ఇనుమే."

"ఆ ఇనుమే మీ కొడుకును చంపుండేది" అన్నాను. అనకూడని మాటే. ఎవరికోసమైతే నేను రోజూ భయపడి చస్తున్నానో, ఆ మనిషి మీద ప్రేమతోనే ఈయన మేకు కొట్టాడని తెలిసింది. తెలిసి కూడా నా కోపం తగ్గలేదు, ఇంకా పెరిగింది. పగవాడు చేసుంటే తిట్టి తలుపు వేసుకోవచ్చు. ఇంటి పెద్ద చేస్తే ఏ తలుపు వేసుకోవాలి?

మామ చిట్టిని నా చేతికిచ్చాడు. ఆయన వేళ్ళు ఆ మేకు కొట్టిన చోటును ఒకసారి తడిమాయి. "సుమ్నే, ఊరికే అడుగుతా ఉండాను. తీసేస్తే సరిపోతాదా?"

"లేదు నాన్నా. షూకు, డ్రమ్ముకు రంధ్రం పడింది. ఈ వేగానికి అది చీలి ముక్కలు ఎగురుతాయి. ఆ మెత్త స్ప్రింగులది దీనికి చాలదు, కొత్తదే రావాల."

అప్పుడు శెట్టి గొంతు సవరించుకున్నాడు. నేను అతణ్ణి అన్న మాట తప్పే. తప్పని అక్కడే చెప్పాను కూడా. దానికి అతను చూపించిన పెద్దమనసు చూడండి.

"పోనీలే అమ్మా, మనసులో పెట్టుకోను. అయితే ఆదివారం నేను మాట పోగొట్టుకోలేను. మేకు ఉంటే ఉండనీ. తీస్తేనే కదా ముక్కలయ్యేది. రెండు రౌండ్లు. నలుగురు కుర్రాళ్ళు తోసి స్టార్ట్ చేస్తారు, ఆగాలంటే కృష్ణప్ప స్విచ్చు ఆర్పేస్తాడు. ఎవరికి తెలుస్తాది?"

"నాకు తెలుసు" అన్నాను.

"నువ్వు ఆ పక్క వంట చూసుకో."

మా ఆయన ఏమంటాడా అని చూశాను. నేల చూస్తూ, "రెండు రౌండ్లేనా అన్నా?" అన్నాడు.

బిడ్డ తల మీద పెట్టిన చెయ్యి అది. అదే చేత్తో నిన్న గట్టి స్ప్రింగులు ఎంచాడు. ముగ్గురు మగవాళ్ళు మూడు రకాలుగా ఆ బండిని నడపాలనుకుంటున్నారు. ఒకడికి కేకలు కావాలి, ఒకడికి పనిచ్చినవాడి దగ్గర పేరు నిలవాలి, ఒకరికి నిద్ర పట్టాలి. అది తిరగబడితే తెల్లచీర కట్టుకునేది మాత్రం నేను.

నేనేమీ అరవలేదు. చిట్టిని నేల మీద దించి, బల్ల మీదున్న పట్టకారు తీసుకుని, చైను దగ్గర కూర్చుని లాకు విప్పేశాను. మా ఆయన టిల్లర్లకు విప్పడం ఎన్నిసార్లు చూడలేదు నేను? చైను జారి నేల మీద పడింది. లాకును కొంగున ముడివేసుకున్నాను.

"అది ఇటివ్వు మే" అన్నాడు మా ఆయన.

"కొత్త క్లచ్చు తెచ్చుకో, ఇస్తాను."

"గలాటా చేయొద్దమ్మా, అది నా సొత్తు" అన్నాడు శెట్టి.

"నీ సొత్తు నీకే ఇస్తానన్నా. నా సొత్తు దాని మీద కూర్చోకుండా ఉన్న రోజు."

బిడ్డనెత్తుకుని ఇంటికి వచ్చేశాను. దారంతా గని వదిలేసిన సయనైడ్ మట్టి దిబ్బ మీది దుమ్ము కళ్ళలో పడుతూనే ఉంది. నీళ్ళు అందుకే వచ్చాయని అనుకోండి.

ఆ సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చి, ఆదివారం పొద్దున మారికుప్పం రైలెక్కి బెంగళూరు పోయి తానే కొత్త క్లచ్చు తెస్తానన్నాడు. చూపించడం వచ్చే వారం పెట్టుకోమని శెట్టితో చెప్పేశాడట. "రెండు రౌండ్లేనా అని ఎందుకన్నావు?" అని అడిగితే, "నోరు అన్నాదిలే, కాలు ఎక్కేది కాదు" అన్నాడు. నమ్మాను. లాకును పోపుల పెట్టెలో, ఆవాల గిన్నె కింద పెట్టాను.

మామ మాత్రం రెండు రోజులూ సరిగ్గా తినలేదు. శనివారం నేను అన్నం వడ్డిస్తుంటే అడగకుండానే చెప్పాడు.

"గనిలో తాడు మార్చినా, కేజ్‌కు రిపేరు చేసినా, చేసినోడే మొదటి ట్రిప్పు దిగాల రత్నా. తెల్లదొరలు పోయి గవర్నమెంటు వచ్చినా ఆ పద్ధతి మాత్రం మారలేదు. తన చేతి పని మీద ఇంకొకర్ని ఎక్కించకూడదు."

ఇది ఆయన ఎప్పుడూ చెప్పే మాటే. షెడ్డులో ఏ టిల్లరు బాగుపడినా మా ఆయన్నే మొదట ఎక్కమంటాడు. అందుకే నేను "ఊ" అని చారు పోశాను.

ఈ రోజు ఆదివారం. మా ఆయన తెల్లవారగానే రైలుకు పోయాడు. నేను చిట్టిని మామ దగ్గర వదిలి కొళాయి దగ్గర నీళ్ళకు నిలబడ్డాను. తిరిగి వచ్చేసరికి ఇల్లు తాళం వేసి ఉంది. పక్కింటి నారాయణమ్మ చిట్టిని ఎత్తుకుని, మా తాళంచెవి పట్టుకుని బయటికి వచ్చింది.

"మీ మామ బిడ్డను నాకిచ్చి పోయినాడమ్మా. గని డ్యూటీ నాటి ఖాకీ చొక్కా తొడుక్కున్నాడు. యాడికి పెద్దాయనా అంటే, నా పని ఒకటి బాకీ ఉండాది అన్నాడు."

పోపుల పెట్టె మూత బిగించే ఉంది. ఆవాల గిన్నె దాని చోటనే ఉంది. కింద లాకు లేదు.

షెడ్డుకు పరుగెత్తాను. బండి లేదు, నేల మీది చైను లేదు. శెట్టి టెంపో పొద్దున్నే వచ్చి తీసుకుపోయిందని ఎదురు టీ అంగడి వాళ్ళు చెప్పారు. ముందు సీట్లో డ్రైవరు పక్కన మామ కూర్చున్నాడట, అల్లుడి ఇంటికి పోతున్నంత నిమ్మళంగా. శెట్టికి ఫోను చేస్తే ఎత్తాడు. మాట మాత్రం వినబడలేదు. మైకు, పాటలు, జనం. వాటి వెనక, రేకులు అదిరేంత గట్టిగా ఆ ఇంజన్.

నేను బస్టాండులో చిట్టిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కోలారు బస్సు ఇంకా రాలేదు. మీలో ఎవరైనా హైవే దగ్గరగా ఉంటే, టమాటా తోటల మధ్య షామియానా కనబడితే, నా కోసం ఒక్క నిమిషం దిగండి. ఖాకీ చొక్కా వేసుకున్న ముసలాయన ఉంటాడు, పేరు ఆంజనప్ప. ఆయన ఇంకా పక్కన నిలబడే ఉన్నాడా, బండిలో కూర్చున్నాడా చూడండి. కూర్చుని ఉంటే స్విచ్చు ఆర్పేసి, కోడలు కోపం మానేసిందని, ఇంటికి రమ్మన్నదని చెప్పండి.